ఇంటర్వెల్ దాకా కూలీ, ఆ తర్వాత దొర: ఫ్యాక్షన్ సినిమాల్లో పేరు రాజకీయం

తెలుగు సినిమాల మీద మన విమర్శకులు కలం పట్టినప్పుడల్లా రెండు మాటలు తప్పకుండా అంటారు. హింస పెరిగిందని ఒకటి, అశ్లీలం పెరిగిందని ఇంకొకటి. 1999 నుంచి 2003 దాకా వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల మీద కూడా ఇదే పాట పాడారు. సుమోలు గాల్లోకి లేవడం, తొడలు చరచడం, వేటకొడవళ్ళు, నాటుబాంబులు, ఇవన్నీ చూసి కుర్రకారు చెడిపోతోందని బాధపడ్డారు. రాయలసీమ రచయితలు వేరే ప్రశ్న వేశారు. సీమ అంటే నరుక్కోవడమేనా, కరువు లేదా, వలస లేదా, నీళ్ళ కోసం పోరాటం లేదా అని. ఆ ప్రశ్న న్యాయమైందే. అయితే ఈ రెండు విమర్శల్లోనూ ఒక సంగతి జారిపోయింది. అది దాచిపెట్టిన సంగతేమీ కాదు. పోస్టరు మీద, బస్సులో పోయేవాడికి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్న సంగతి. కులం.

సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), చెన్నకేశవరెడ్డి (2002), పల్నాటి బ్రహ్మనాయుడు (2003). ఆది, ఇంద్ర (రెండూ 2002) పేర్లలో కులం లేదు గదా అంటారేమో, ఆ హీరోలు ఆదికేశవరెడ్డి, ఇంద్రసేనారెడ్డి. వీటిలో సమరసింహారెడ్డి, నరసింహనాయుడు, ఇంద్రలకు దర్శకుడు ఒక్కరే, బి. గోపాల్. మాటలు పరుచూరి సోదరులవి. హీరోలు మారారు, అచ్చు మారలేదు. 'హీరో పేరు హీరో పేరే, దాంట్లో కులం ఎందుకు తీస్తారు' అని మమ్మల్ని అడిగేవాళ్ళున్నారు. తీసింది మేము కాదు. గోడకి అంటించింది వాళ్ళు, మేము చదువుతున్నామంతే.

ఈ పేర్లు అప్పుడే ఎందుకు వచ్చాయి? అంతకు ముందు తెలుగు సినిమాలో కులం పేరున్న హీరోలు లేరని కాదు. కానీ ఇంత గుంపుగా, ఇంత గర్వంగా, పేరే సరుకుగా అమ్ముడుపోయిన కాలం అంతకు ముందు లేదు. దీనికి జవాబు సినిమా హాల్లో దొరకదు, రోడ్డు మీద దొరుకుతుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. దాన్లోంచి దళిత మహాసభ పుట్టింది. 1990 ఆగస్టులో మండల్ ప్రకటన వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోనె సంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఈ పదేళ్ళలో మన వాళ్ళు చేసిన పెద్ద పని ఏమిటంటే, పేరు పెట్టి పిలవడం. అప్పటి దాకా 'భూస్వామి', 'పెత్తందారు', 'వర్గ శత్రువు' అని చెలామణి అయిన మనిషిని కమ్మ అనీ రెడ్డి అనీ సభల్లో, పాటల్లో, కరపత్రాల్లో చెప్పడం మొదలుపెట్టారు. అట్లాగే తమ పేరు కూడా తామే చెప్పుకున్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం మాదిగ కుర్రాళ్ళకు పేరు చివర 'మాదిగ' అని రాసుకోవడం నేర్పింది. శాస్త్రి, శర్మ, రెడ్డి, చౌదరి అని రాసుకునేవాళ్ళ పక్కన ఈ పేరు నిలబడేసరికి ఆఫీసుల్లో, కాలేజీ హాజరు పట్టీల్లో ఎంత గలాటా అయిందో అప్పటి వాళ్ళకి గుర్తుంటుంది. మరుసటి ఏడు వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం కవిత్వంలో ఇదే పని చేసింది.

అంటే, అవమానంగా ఉన్న పేరు గౌరవం అవుతున్న రోజులవి. గౌరవంగా ఉన్న పేరు నేరానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తున్న రోజులవి. సరిగ్గా దాని వెనకాలే తెరమీద 'రెడ్డి', 'నాయుడు' జనం చేత దండాలు పెట్టించుకుంటూ తిరిగి వచ్చారు. ఇది ఎవరో కూర్చుని చేసిన కుట్ర అని మేము అనం. సినిమా పెట్టుబడిదారుకి కుట్ర చేసే తీరిక ఉండదు, వాడికి డబ్బులు రావాలి. కోస్తా డెల్టా వ్యవసాయంలో మిగిలిన డబ్బు సినిమాలోకి వచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఆ డబ్బుకి తనదైన కళ్ళుంటాయి. బయట నలుగురిలో పోయిన మర్యాద లోపల చీకట్లో దొరుకుతుంటే, దానికి టిక్కెట్టు కొనేవాళ్ళు దొరికారు. వింత ఏమిటంటే, కొన్నవాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడికి తర్వాత వస్తాం.

పేర్ల గురించి ఇంకో మాట. 1995లో రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి దాసరి నారాయణరావు తీసిన 'ఒరేయ్ రిక్షా', రెండోది 'పెదరాయుడు'. 1997లో మళ్ళీ దాసరే 'ఒసేయ్ రాములమ్మా' తీశారు. దొర చేతిలో చెడి, తిరగబడ్డ దళిత స్త్రీ కథ. ఆ సినిమాను మనవాళ్ళు గుండెకు హత్తుకున్నారు, మేము కాదనం. కానీ పిలుపు చూడండి. కూలివాడు తెరకెక్కితే 'ఒరేయ్', దళిత స్త్రీ తెరకెక్కితే 'ఒసేయ్'. దొర తెరకెక్కితే పేరుకి ముందు సింహం, వెనక కులం. వెనకటికి 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' అని ధైర్యంగా పేరు పెట్టారు. కథ చలానిది. కులం పేరు పోస్టరుకెక్కింది నిజమే గానీ, అది బ్రాహ్మల అబ్బాయి ప్రేమించి ఉద్ధరించవలసిన పిల్ల పేరుగా ఎక్కింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఒక పెద్ద హీరో పేరు చివర మాల అనో మాదిగ అనో తగిలించి, ఆ పేరు వినగానే విలన్లు వణికినట్టు చూపించిన సినిమా రాలేదు. ఊహించుకోడానికే నవ్వొస్తుంది కొందరికి. ఆ నవ్వే మా వ్యాసానికి విషయం.

ఇప్పుడు కథల్లోకి పోదాం. ఈ సినిమాల్ని మళ్ళీ కూర్చుని వరసగా చూస్తే ఒక కట్టడం బయటపడుతుంది. మొదటి సగంలో హీరో పనివాడు. సమరసింహారెడ్డిలో అబ్బులు అనే పేరుతో, రెక్కాడితే గానీ డొక్కాడని ఇంటికి పెద్దకొడుకుగా బతుకుతుంటాడు. నరసింహనాయుడులో డాన్సు మాస్టారు. ఇంద్రలో కాశీలో టాక్సీ నడుపుకునే శంకర్ నారాయణ. నోరెత్తడు, దెబ్బలు కాస్తాడు, ఎవరికీ ఎదురు చెప్పడు. అబ్బులు అనే పేరులో కులం వినపడదు, శంకర్ నారాయణలోనూ వినపడదు. సినిమా సగానికి వచ్చేసరికి ఎవడో పాత మనిషి గుర్తుపడతాడు, లేకపోతే శత్రువు గుర్తుపడతాడు. సంగీతం మారుతుంది. పూర్తి పేరు పలుకుతారు. అక్కడ హాలు లేచి నిలబడుతుంది, కాగితాలు ఎగురుతాయి. ఇంటర్వెల్. బయటికి పోయి టీ తాగి వచ్చేసరికి అబ్బులు లేడు, దొర ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, వెనక సుమోలు, ముందు వంగిన జనం.

దీన్ని మారువేషం అని తేలిగ్గా తీసేయకూడదు. పురాణాల్లో పాండవుల అజ్ఞాతవాసం ఉంది గదా, దాని కొనసాగింపే అని పండితులు చెప్తారు. ఉండొచ్చు. కానీ ఈ మారువేషం ఒక తేడాతో పనిచేస్తుంది. ఇక్కడ పనివాడి బతుకు దొర తనకు తాను వేసుకున్న శిక్ష. కష్టం, ఆకలి, తిట్లు, ఇవన్నీ హీరోకి ఎంచుకున్నవి. వదిలేయాలనుకుంటే ఒక్క నిమిషంలో వదిలేయొచ్చు, పేరు చెప్తే చాలు. తెర ముందు నేల మీద కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. వాడు ఇంటర్వెల్ తర్వాత కూడా అబ్బులే.

మన పిల్లలకి ఇది తలకిందులుగా తెలుసు. పల్లె నుంచి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో గది కోసం తిరిగినవాళ్ళని అడగండి. టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, 'మీరేమిట్లు బాబూ?' అని. కొందరు ఇంటిపేరు అడుగుతారు, కొందరు ఊళ్ళో ఏ పక్క అని అడుగుతారు, కొందరు మాంసం తింటారా అని చుట్టు తిప్పి అడుగుతారు. అప్పుడు మనవాళ్ళు కూడా మారువేషం వేస్తారు. ఇంటిపేరు మింగుతారు, గోడ మీద అంబేద్కర్ పటం పెట్టరు, చుట్టం వస్తే మాట చూసుకోమని ముందే చెప్తారు. ఆర్నెల్లో ఏడాదో గడుస్తుంది. ఎవరో పాత మనిషి గుర్తుపడతాడు. పూర్తి పేరు పలుకుతారు. అప్పుడు సంగీతం రాదు, సామాన్లు బయటికి వస్తాయి. హీరోకి పేరు బయటపడడం పట్టాభిషేకం, మనకు ఖాళీ చేయమన్న నోటీసు. ఒకే కథ, ఒకే మలుపు. కులం ఒక్కటే వేరు.

ఇన్ని సార్లు ఇన్ని వేల మంది మనవాళ్ళు ఆ ఇంటర్వెల్ దగ్గర ఈలలు ఎందుకు వేశారు? మూఢత్వం అని కొట్టిపారేసే విమర్శకులతో మాకు పేచీ ఉంది. తక్కువగా చూడబడ్డ మనిషి అసలు పేరు చెప్పగానే ఎదుటివాడు తల దించుకోవడం అనే కల ఉందే, అది మన కల. మన కలను వాళ్ళు తీసుకుని, వాళ్ళ పేరు పెట్టి మళ్ళీ మనకే అమ్మారు. ఈల వేసింది కలకి. డబ్బులు పోయింది పేరుకి.

సమరసింహారెడ్డి కథ మధ్యలో ఇంకా లోతైన చోటు ఒకటుంది. హీరో మోస్తున్న అబ్బులు అనే పేరు అతనిది కాదు. అసలు అబ్బులు ఒక పనివాడు, చెల్లెళ్ళ కోసం డబ్బు సంపాదించుకుందామని దొర దగ్గర పనికి వచ్చినవాడు. దొర చేతిలోనే పొరపాటున చచ్చిపోతాడు. ఆ పాపం కడుక్కోడానికి దొర వాడి ఇంటికి వెళ్ళి, వాడి పేరు పెట్టుకుని, వాడి చెల్లెళ్ళకు అన్నగా ఉంటాడు. చూసినవాళ్ళందరికీ కన్నీళ్ళొచ్చే ఘట్టం ఇది. కథకుడు విజయేంద్రప్రసాద్‌ది గట్టి చెయ్యి, ఒప్పుకోవాలి. కానీ ఏం జరిగిందో ఒకసారి పొడి మాటల్లో చెప్పుకుందాం. యజమాని చేతిలో పనివాడు చచ్చాడు. కేసు లేదు, ఊరి పంచాయితీ లేదు, ఆ ఇంటివాళ్ళకు నిజం చెప్పడం కూడా ముందు లేదు. చంపినవాడే చచ్చినవాడి స్థానంలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఇంటికి అన్నం పెట్టాడు. అందువల్ల గొప్పవాడయ్యాడు. పనివాడి చావు దొర త్యాగానికి పునాది రాయి అయింది. చచ్చిన అబ్బులు గురించి మనకు తెలిసేది ఎంత? కొద్ది నిమిషాల పాటు తెరమీద ఉంటాడు. పేరు కూడా మిగలలేదు వాడికి, అది దొర వాడుకుంటున్నాడు.

కారంచేడు, చుండూరుల తర్వాత ఎనిమిదేళ్ళకి వచ్చిన ఈ కథను మేము మామూలు కథగా చదవలేకపోతున్నాం. చుండూరు కేసులో ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కోర్టుల్లో న్యాయం ఇట్లా నడుస్తున్న కాలంలో తెరమీద మాత్రం నేరం, శిక్ష, క్షమాపణ మూడూ దొర ఒక్కడే తనలో తాను తీర్చుకుంటున్నాడు. మధ్యలో ఫిర్యాదుదారు లేడు.

నరసింహనాయుడు ఇంకో రకం. ఊరిని కాపాడుకోడానికి ఇంటికొక మగపిల్లాణ్ణి ఇవ్వమని ఊరిపెద్ద రఘుపతినాయుడు అడుగుతాడు, తన కొడుకుని కూడా ఇస్తాడు. వినడానికి సమానత్వమే. కానీ ఏ ఇళ్ళు? తెలుగు ఊరికి పేటలుంటాయి. పెద్ద వీధి, బీసీల బజారు, మాలపల్లి, మాదిగ గూడెం. సినిమాలో ఊరికి ఒక్క పేటే ఉన్నట్టు కనపడుతుంది. పిల్లల్ని ఇచ్చిన తల్లులు గుంపుగా నిలబడతారు, ఎవరి ఇంటిపేరూ వినపడదు. రాయలసీమలో గానీ పల్నాడులో గానీ ముఠా కక్షల్లో చచ్చినవాళ్ళ లెక్క తీసి చూస్తే, నాయకుల కంటే వెంట తిరిగినవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో బీసీలు, బోయలు, మాల మాదిగలు ఎంతమందో ఆ ఊళ్ళకి పోయినవాళ్ళకి తెలుసు. బాలగోపాల్ లాంటివాళ్ళు సీమ ముఠాల గురించి రాసినప్పుడు, ఇది శౌర్యం కథ కాదనీ, కాంట్రాక్టుల మీదా పంచాయతీల మీదా పెత్తనం కోసం నడిచే ఆధిపత్యమనీ చెప్పారు. సినిమా ఆ కాంట్రాక్టుల్ని మాయం చేసి, 'ఇంటికొకడు' అనే మాట మిగిల్చింది. చచ్చేవాడు పేదవాడే, కానీ ఇష్టంగా చచ్చాడని సాక్ష్యం తయారైంది.

ఆది గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేల ఎకరాలున్న కుటుంబం పేదలకు భూమి పంచాలనుకుంటుంది, చెడ్డ దొర అడ్డుపడతాడు, మంచి దొర కొడుకు చివరికి పంచుతాడు. భూమి కోసం ఇక్కడ జరిగిన పోరాటాలన్నీ ఒక దానపత్రంలో సర్దేశారు. 2000లో వచ్చిన 'జయం మనదేరా'లో కింది కులాల పక్షాన నిలబడి ప్రాణమిచ్చేవాడూ నాయుడే. మనల్ని కొట్టే చెయ్యీ వాళ్ళదే, కాసే చెయ్యీ వాళ్ళదే అయితే మన చేతులు ఏం చేస్తున్నట్టు? దండం పెడుతున్నాయి.

కథల సంగతి ఇంతటితో ఆపి హాలు దగ్గరికి వద్దాం. సినిమా అంటే తెర ఒక్కటే కాదు గదా.

తమిళ సమాజం గురించి రాస్తూ శివతంబి అనే పండితుడు, జనమంతా ఒకే కప్పు కింద కూర్చుని చూసిన మొదటి చోటు సినిమా హాలేనని అన్నారు. తెలుగునాట కూడా అంతే. గుళ్ళోకి రానివ్వలేదు, హోటల్లో వేరే గ్లాసు పెట్టారు, కానీ టిక్కెట్టు కొంటే హాల్లోకి రానివ్వక తప్పలేదు. నేల, బెంచీ, కుర్చీ అని తేడాలు పెట్టారు, అయినా చీకట్లో ఊపిరి కలిసింది. ఈ కలవడం పెత్తందారులకి ఎంత కంటగింపు అయిందో చుండూరు చెప్తుంది. 1991 జూలైలో ఆ గొడవ మొదలైందే సినిమా హాల్లో. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని రెడ్ల అబ్బాయికి తగిలింది. కాలు తగిలితే 'చూసుకోవయ్యా' అనేసి సినిమా చూస్తారు ఎవరైనా. ఇక్కడ నెల తిరక్కుండా ఎనిమిది శవాలు లేచాయి. తన తండ్రులు నేల మీద కూర్చున్న హాల్లో ఆ కుర్రవాడు టిక్కెట్టు కొని, సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవడం వాళ్ళకి తగిలిన అసలు దెబ్బ. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్ళు స్టూడియోల గురించి, నూరు రోజుల కేంద్రాల గురించి రాస్తారు. ఈ ఒక్క సీటు గురించి రాసినవాళ్ళు తక్కువ.

అదే హాలు ముందు తర్వాతి పదేళ్ళలో మన కుర్రాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు. అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. అభిమాని అంటే బుర్ర లేని మంద కాదనీ, హీరో మీద హక్కు పెట్టేవాడనీ, తను అనుకున్నట్టు హీరో లేకపోతే నిలదీసేవాడనీ ఆయన చూపించారు. మేము దీన్ని సగం ఒప్పుకుంటాం. ఊళ్ళో ఏ కమిటీలోనూ చోటు లేని కుర్రాడికి అభిమాన సంఘంలో కార్యదర్శి పదవి దొరికింది, పోలీసు స్టేషన్‌కి పోయి మాట్లాడే ధైర్యం దొరికింది, నిజమే. కానీ హక్కు హీరో మీద పెట్టాడు, కథ మీద పెట్టలేకపోయాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఇది ఇంకా తేటగా కనపడుతుంది. ఫ్లెక్సీలో హీరో నిలువెత్తున ఉంటాడు, పక్కన స్థానిక నాయకుడు, కింద తపాలా బిళ్ళంత సైజులో వరసగా ఫోటోలు. ఆ వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చూస్తే ఊరి పటం గీసినట్టే ఉంటుంది. వెదురు కర్రలు పాతి, తాళ్ళు కట్టి, రాత్రంతా కాపలా కాసినవాడి ఫోటో చాలాసార్లు చివర ఉంటుంది. ఒక్కోసారి ఉండదు.

2008 ఆగస్టులో చిరంజీవి తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టినప్పుడు 'సామాజిక న్యాయం' అనే మాట వినపడింది. అభిమాన సంఘాల్లో తిరిగిన దళిత, బీసీ కుర్రాళ్ళు ఇన్నాళ్ళ జెండా మోతకి అర్థం దొరికిందనుకున్నారు. 2009లో 294 స్థానాల్లో 18 వచ్చాయి, 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, 2012లో ఆయన కేంద్రమంత్రి అయ్యారు. జెండా మోసినవాళ్ళు ఇళ్ళకి పోయారు. ఇంద్రుడికి సింహాసనం దొరికింది, శంకర్ నారాయణ మళ్ళీ టాక్సీ ఎక్కాడు.

డప్పు సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్షన్ సినిమాల్లో హీరో వచ్చే పాటకి డప్పు ఉండి తీరాలి. తెరమీద అది వాయించేవాళ్ళు రంగు రంగుల బట్టలు కట్టుకున్న డాన్సర్లు. హాలు బయట మాత్రం నిజం డప్పులు ఉంటాయి, పక్క గూడెం నుంచి పిలిపించిన మాదిగ డప్పు దళం. కటౌట్‌కి పాలాభిషేకం జరుగుతుంటే చర్మం వేడి చేసుకుని వాయిస్తారు, కూలి తీసుకుంటారు. చావుకి పిలిచినట్టే దీనికీ పిలుస్తారు. తోలు తీసినవాడి చేతి దెబ్బ లేకపోతే దొర ప్రవేశానికి ఊపు రాదు. ఆ శబ్దం డాల్బీ అయి కోట్లు సంపాదించింది. ఆ శబ్దాన్ని కనిపెట్టి నిలబెట్టిన కులం పేరు తెర మీద ఎక్కడా వినపడలేదు. దండోరా అనే మాటే డప్పు మోతలోంచి వచ్చిందని గుర్తు చేసుకుంటే, ఎవరు ఎవరి చప్పుడు తీసుకుని ఎవరి పేరు వినిపించారో అర్థమవుతుంది.

ఇవన్నీ హాలు వరకే ఆగిపోతే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి, 2002లో మాటీవీ వచ్చింది. పండక్కి కొత్త సినిమా వేయడం, ఆదివారం పాత సినిమా వేయడం ఆనవాయితీ అయింది. ఏడాదికి ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. గూడెంలో ఇందిరమ్మ ఇంట్లో కూర్చుని, హాలుకి ఎప్పుడూ పోని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు దొర ఇంటి మర్యాదలు కంఠతా పట్టారు. టీవీ ఇంకో పని చేసింది, సినిమాని ముక్కలు చేసింది. పాటల కార్యక్రమానికి పాట, కామెడీ కార్యక్రమానికి కామెడీ. దీన్లో పాలేరు, వంటవాడు, నౌకరు ముక్కలు ముక్కలుగా రోజుకి పదిసార్లు చెంపదెబ్బలు తిన్నారు. వాళ్ళ నోట్లో శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో పెట్టారు, ఒంటికి నల్లరంగు పూశారు. కులం చెప్పకుండా కులం చెప్పడానికి రంగు, యాస చాలు. హాల్లో సినిమాకి ముందూ వెనకా ఉండేది, టీవీలో చెంపదెబ్బ ఒక్కటే మిగిలింది.

వార్తా చానళ్ళ సంగతి వేరే వ్యాసం రాయాల్సినంత ఉంది. టీవీ9 2004లో మొదలైంది, ఆ తర్వాత వరసగా వచ్చాయి. ఒక్క మాట చెప్పి ముందుకు పోతాం. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కూడా కనపడలేదని పయనీర్ పత్రికలో రాశారు. పదేళ్ళ తర్వాత, 2006లో, యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ కలిసి ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో 315 మంది పై స్థాయి పాత్రికేయుల్ని లెక్క వేస్తే దళితుడు, ఆదివాసీ ఒక్కరూ తేలలేదు. ఢిల్లీ లెక్క తెలుగుకి ఎట్లా సరిపోతుందని అడగొచ్చు. తెలుగు పత్రికల, చానళ్ళ యజమానుల పేర్లు చదివి, చివరి మాట చూసుకోండి. సినిమా పోస్టర్ల మీద చూసిన మాటలే అక్కడా కనపడతాయి. కథ చెప్పేవాడూ వార్త చెప్పేవాడూ ఒకే వీధి నుంచి వస్తున్నప్పుడు, దొర ఏ హాల్లోంచి ఏ హాల్లోకి పోయినా కుర్చీ వేసే ఉంటుంది.

హాలు కూడా మారిపోయింది. 2003లో హైదరాబాదులో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ తెరిచారు. మల్టీప్లెక్సుల్లో నేల క్లాసు అనే మాటే లేదు, తేడా అంతా గేటు బయటే తేలిపోతుంది. 2021 ఏప్రిల్‌లో అప్పటి ఆంధ్ర ప్రభుత్వం టిక్కెట్టు ధరలు తగ్గించి, పల్లెల్లో చివరి తరగతికి అయిదు రూపాయల దాకా దించినప్పుడు సినిమావాళ్ళకి కోపం వచ్చింది, 2022 మార్చిలో మళ్ళీ ధరలు సవరించారు. ఆ ఏడాది పొడుగునా హీరోలు, మంత్రులు, పంపిణీదారులు మాట్లాడారు. ఆ అయిదు రూపాయల సీట్లో కూర్చునేవాడిని పిలిచి అడిగిన చర్చ మాకు ఒక్కటీ కనపడలేదు. వాడు అప్పటికే హాలు వదిలేసి ఫోను పట్టుకున్నాడు. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. ఇప్పుడు ఇంటర్వెల్ ఘట్టం ఒక్కటే అరనిమిషం ముక్కగా స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు. రెడ్ల కుర్రాడు రెడ్డి అనే మాట వినపడే ముక్క పెట్టుకుంటాడు, కింద సింహం బొమ్మ పెడతాడు. సినిమాలో కనీసం మొదటి సగం పనివాడి కష్టం ఉండేది. ఈ ముక్కలో అది కూడా కోసేశారు. కూలీ పోయాడు, దొర మిగిలాడు.

2022లో చెన్నకేశవరెడ్డి, 2024లో ఇంద్ర మళ్ళీ హాళ్ళలో వేస్తే, అవి వచ్చినప్పటికి పుట్టని పిల్లలు కూడా వచ్చి కాగితాలు ఎగరేశారు. 2023 సంక్రాంతికి వీరసింహారెడ్డి అని కొత్తది కూడా వచ్చింది. అచ్చు అరిగిపోలేదు.

అయితే ఏమీ మారలేదని మేము అనం. 2021 డిసెంబరులో వచ్చిన పుష్ప చూడండి. కూలీ కూలీగానే పైకి వస్తాడు. ఇంటర్వెల్ దగ్గర దొర బయటపడడు, ఎందుకంటే లోపల దొర లేడు. ఒళ్ళు వంకర, మాట మొరటు, అయినా తగ్గడు. మన కుర్రాళ్ళు అతనిలో తమని చూసుకున్నారంటే తప్పు పట్టలేం. కానీ కథకి నొప్పి ఎక్కడుంది? ఇంటిపేరు దగ్గర. తండ్రి ఇంటివాళ్ళు ఇంటిపేరు ఇవ్వలేదన్న అవమానం అతన్ని మొదటి నుంచి చివరిదాకా తరుముతుంది. 2024లో వచ్చిన రెండో భాగంలో ఆ ఇంటివాళ్ళు అతన్ని తమవాడని ఒప్పుకునేదాకా అతని గెలుపు గెలుపు కాదు. కోట్లు సంపాదించాడు, ముఖ్యమంత్రినే మార్చాడు, అయినా పైవాడి పేరు కావాలి. తల్లి పేరు చాలదా అని ఆ సినిమా ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే కథ వేరే దారిలో పోయేది.

కరుణకుమార్ 'పలాస 1978' తీశారు. శ్రీకాకుళం జిల్లా జీడిపప్పు ఊళ్ళో, గజ్జె కట్టి ఆడే దళిత అన్నదమ్ముల కథ. దాంట్లో మారువేషం లేదు, వాళ్ళ పేటకి పేరుంది, చప్పుడు ఎవరిదో తెలుస్తుంది. 2020 మార్చి 6న విడుదలైంది. రెండు వారాలు తిరక్కుండా కరోనాకి హాళ్ళు మూతపడ్డాయి. తర్వాత చూసినవాళ్ళలో చాలామంది ఫోన్లలోనే చూశారు. ఈ వ్యాసం చదివే విద్యార్థి మిత్రులు హాస్టల్ గదిలో పదిమంది కలిసి, ముందు ఒక రాత్రి సమరసింహారెడ్డి, మర్నాడు రాత్రి పలాస పెట్టుకుని, ఎక్కడెక్కడ ఈల వస్తుందో కాగితం మీద రాసి మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం.